విత్తకముందే కుదరాల్సిన బేరం: సేంద్రియ పంటలపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: హనుమకొండలో మా అపార్ట్‌మెంటు, పక్క కాలనీ కలిపి 40 కుటుంబాలం ఉన్నాం. మందులు కొట్టని బియ్యం, పప్పు, నూనె, కూరగాయలు నేరుగా రైతుల దగ్గరే కొనాలనుకుంటున్నాం. పోయినేడు ఒక రైతు దగ్గర బియ్యం మాట్లాడుకుంటే రెండు నెలలిచ్చి ఆపేశారు. ఈసారి ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక పాఠకురాలు, హనుమకొండ

వంటింటి లెక్కతో మొదలుపెట్టండి. నలుగురున్న ఇంటికి నెలకు 25 కిలోల బియ్యం, 2 కిలోల కందిపప్పు, 3 లీటర్ల పల్లినూనె, వారానికి 5 కిలోల కూరగాయలు అనుకుందాం. 40 ఇళ్లకు ఏడాదికి 12 టన్నుల బియ్యం కావాలి. క్వింటాలు వడ్లు ఆడిస్తే తవుడు, నూకలు పోను 62 కిలోల నిఖార్సైన బియ్యం వస్తాయనుకుంటే, 194 క్వింటాళ్ల వడ్లు. సేంద్రియంలో ఎకరాకు 18 క్వింటాళ్ల దిగుబడి వేసుకుంటే దాదాపు 11 ఎకరాలు. పప్పు 960 కిలోలు. కందుల్లో నూటికి 70 పాళ్లు పప్పు దిగితే 14 క్వింటాళ్ల కందులు, అంటే ఎకరాకు 4 క్వింటాళ్ల చొప్పున మూడున్నర ఎకరాలు. గానుగలో లీటరు నూనెకు రెండున్నర కిలోల దాకా పల్లిగింజలు పడతాయి. కాబట్టి 1,440 లీటర్లకు 36 క్వింటాళ్ల గింజలు, కాయల్లో చెప్పాలంటే 51 క్వింటాళ్లు, ఆరు ఎకరాల పైచిలుకు. కూరగాయలకు ఇంకో ఎకరంన్నర, రెండు. మొత్తం మీద మీ 40 ఇళ్ల తిండి 22, 23 ఎకరాల పంట. ఈ కాగితం చేతిలో పట్టుకుని వెళ్తే రైతు కూడా తన పొలం లెక్క తీసి మాట్లాడతారు. "మాకు సేంద్రియ బియ్యం కావాలి" అని ఊరికే అంటే ఆయన దేన్ని నమ్ముకుని నారు పోయాలి?

పోయినేడు ఎందుకు ఆగిపోయిందో ఊహించడం కష్టం కాదు. వానాకాలం వరి కోసేది అక్టోబరు చివర, నవంబరులో. అదే నెలలో హార్వెస్టర్ కిరాయి, కైకిళ్లు, అప్పు వడ్డీ, యాసంగి దుక్కి అన్నీ కట్టాలి. మీరు నెలకింత అని పది నెలలపాటు ఇచ్చే డబ్బు కోసం వడ్లను ఇంట్లో పెట్టుకునే స్తోమత చిన్న రైతుకు ఉండదు. కొనుగోలు కేంద్రంలో పోసేస్తారు. అది మాట తప్పడం కాదు, చేతిలో పైసలు లేకపోవడం. అందుకే మీ డబ్బు ఎప్పుడు అందుతుందన్నదే ఈ మొత్తం ఏర్పాటుకు మూలం.

మొదటి ఏడు సగం బియ్యానికే కట్టుబడండి: ఇంటికి 150 కిలోలు, మొత్తం 6 టన్నులు, సుమారు ఐదున్నర ఎకరాలు. దాన్ని ఒక్కరి మీద పెట్టకుండా ఇద్దరు ముగ్గురు రైతులకు పంచండి. ఒక బోరు ఎండినా, ఒక మడిలో దోమపోటు వచ్చినా అందరి పళ్లెం ఖాళీ కాకూడదు. మే నెలలోనే కూర్చుని రాసుకోండి. కిలో 66 రూపాయలు అనుకుంటే ఇంటికి 9,900 అవుతుంది. అందులో మూడో వంతు, 3,300, జూన్‌లో నారు పోసేటప్పుడు. మరో మూడో వంతు వడ్లు ఎండి బస్తాలకెత్తి మీ పేరున పక్కన పెట్టినప్పుడు. మిగిలింది బియ్యం అందినప్పుడల్లా.

ఒప్పందం ఒక్క పేజీ చాలు, కానీ కొన్ని మాటలు అందులో ఉండి తీరాలి. వరి రకం పేరు రాయండి: తెలంగాణ సోనా అంటే ఆర్‌ఎన్‌ఆర్ 15048, జగిత్యాల సన్నాలు అంటే జేజీఎల్ 1798, వరంగల్ సన్నాలు అంటే డబ్ల్యూజీఎల్ 32100. "సన్న బియ్యం" అని మాత్రమే రాస్తే ఆ మాట కింద ఏ బియ్యమైనా రావచ్చు. పాలిష్ ఎంతో రాయండి. బయట ధర ఒప్పుకున్న దానికంటే పదో వంతు మించి పెరిగితే పెరిగిన దాంట్లో సగం రైతుకు కలపాలి, తగ్గితే మీరు తగ్గించకూడదు. పంట పోతే జూన్‌లో ఇచ్చిన మూడో వంతు తిరిగి అడగకుండా వచ్చే పంటకు జమ వేసుకోవాలి. చాలా బృందాలు ఈ చివరి మాట దగ్గరే వెనక్కి తగ్గుతాయి. నష్టంలో పాలు పంచుకోకపోతే మాత్రం అడ్తి (కమీషన్) వ్యాపారికీ మీకూ పెద్ద తేడా ఉండదు.

బియ్యం ఎప్పటి నుంచి ఇవ్వాలన్నది మరో చిక్కు. డిసెంబరులో ఆడించిన కొత్త బియ్యం అన్నం మెత్తబడి ముద్దవుతుంది. సేంద్రియ బియ్యం ఇంతేనని సగం ఇళ్లు అప్పుడే మానేస్తాయి. లోపం సాగులో లేదు, వడ్లు పాతబడలేదు, అంతే. నాలుగైదు నెలలు వడ్లుగా నిలవ ఉంచి ఏప్రిల్ నుంచి ఇచ్చేలా రాసుకోండి. లేదంటే మొదటి నెలల్లో గ్లాసు బియ్యానికి ఎసరు బాగా తగ్గించమని అందరికీ ముందే చెప్పండి.

రైతు సొంత భూమిలో చేస్తున్నారా, కౌలుకా అన్నది తప్పకుండా అడగండి. కౌలు రైతు మూడేళ్లు పేడ, పచ్చిరొట్ట వేసి నేలను బాగుచేశాక యజమాని భూమి వెనక్కి తీసుకుంటే ఆ కష్టమంతా పోతుంది. మీ బృందంలో ఎవరికైనా ఊళ్లో భూమి కౌలుకిచ్చి ఉంటే, ఆ రైతుకు కనీసం మూడేళ్లకు కాగితం రాసివ్వండి. చందాలు పోగేసి ఇచ్చే సాయం కంటే ఇది పెద్దది.

ప్రశ్న: సన్నాలకు సర్కారు క్వింటాలుకు 500 బోనస్ ఇస్తున్నది. అలాంటప్పుడు నేరుగా బియ్యం చేసి అమ్మితే నాకు మిగిలేదెంత?
— ఒక రైతు, పరకాల

2025-26కు ఏ-గ్రేడ్ వడ్ల మద్దతు ధర 2,389 రూపాయలు. బోనస్ కలిపితే సన్నాలకు 2,889. నేరుగా అమ్మే బేరం దీనికంటే ఖచ్చితంగా ఎక్కువ ఇవ్వాలి. లేకపోతే ఆ శ్రమ పడొద్దు.

మీ వడ్లకు మీరే 3,200 ధర కట్టుకుని పది క్వింటాళ్లు ఆడించారనుకోండి: వడ్లు 32,000, మిల్లు కూలి 1,500, రవాణా, హమాలీ 1,200, సంచులు 1,240, ఇంటింటికీ చేర్చడానికి కిలోకు 4 చొప్పున 2,480. నాలుగు నెలలు నిలవ ఉంచినందుకు నూటికి నెలకు రూపాయి వడ్డీ, 1,280. మొత్తం 39,700. నూకలు, తవుడు అమ్మితే ఒక 2,000 తిరిగొస్తాయి. నికరం 37,700. చేతికొచ్చిన 620 కిలోల్లో తూకపు తరుగు, చిందిన గింజ కింద 2 శాతం తీసేస్తే 608. కిలో 62 రూపాయలు పడింది. 66కు అమ్మితే కిలోకు 4 మిగులుతుంది, దాంతోపాటు మొదట్లో కట్టుకున్న 3,200 కూడా మీదే. కొనుగోలు కేంద్రంలో పోస్తే వచ్చే 2,889 కంటే క్వింటాలుకు వడ్ల ధర మీద 311, బియ్యం అమ్మకం మీద 240, వెరసి 550 రూపాయలు ఎక్కువ. కూలి, కిరాయిల అంకెలు ఉదాహరణకు వేసినవి. వాటి స్థానంలో మీవి పెట్టుకోండి, పద్దులు మాత్రం ఒక్కటీ వదలొద్దు. ఎక్కువ మంది వడ్డీ, తరుగు, ఇంటింటికీ తిరిగే ఖర్చు వేయరు. కిలో 55కు అమ్మి లాభం వచ్చిందనుకుంటారు.

మిల్లు దగ్గర గెలుపోటములు తేలతాయి. 17 శాతం తేమ దాకా కేంద్రంలో తీసుకుంటారు గానీ ఆడించడానికి, నిలవకు 13, 14 దాటకూడదు. పచ్చిగా ఆడిస్తే గింజ నలుగుతుంది. మరీ ఎండకు పెళపెళలాడించినా గింజలో పగుళ్లు వచ్చి నూక పెరుగుతుంది. అంగుళం, అంగుళంన్నర మందాన పోసి గంటకోసారి తిరగదోస్తూ నెమ్మదిగా ఆరబెట్టాలి. క్వింటాలుకు నూక అయిదు కిలోలు పెరిగిందంటే కిలోకు మిగిలే ఆ 4 రూపాయలూ దాదాపు అక్కడే కరిగిపోతాయి.

ఇంకో సంగతి. 2025 ఏప్రిల్ నుంచి రేషన్‌లోనే మనిషికి 6 కిలోల సన్న బియ్యం వస్తున్నాయి. కాబట్టి ఊళ్లో కొనేవాళ్లు తగ్గుతారు. మీ కొనుగోలుదారు పట్నంలో ఉన్నారు. ముందుగా మాట ఇచ్చిన ఇళ్లు ఎన్ని ఉన్నాయో అన్ని బస్తాలే పక్కన పెట్టి, మిగతావి నిస్సంకోచంగా కేంద్రంలో పోయండి.

ప్రశ్న: మా మూడెకరాలకు పై గెట్టు రైతు, పక్క గెట్టు రైతు ఇద్దరూ మందులు కొడతారు. నీళ్లు కూడా పై మడి నుంచే మా మడిలోకి దిగుతాయి. నా పంట సేంద్రియమేనా? సర్టిఫికెట్ వస్తదా?
— ఒక రైతు, హుజూరాబాద్

వస్తుంది, అయితే మూడు దార్లు మూయాలి: గాలి, నీళ్లు, యంత్రాలు.

గాలికి, పక్క గెట్టు వెంట పది అడుగుల వెడల్పున జొన్న గానీ సజ్జ గానీ మక్క గానీ నాలుగు సాళ్లు ఒత్తుగా వేయండి. గెట్టు మీద గిరిపుష్పం కొమ్మలు నాటితే రెండేళ్లలో కంచె అవుతుంది, కొట్టిన రొట్ట మడికి ఎరువవుతుంది. ఆ నాలుగు సాళ్ల గింజను విడిగా కోసి సేంద్రియంలో కలపకుండా అమ్మాలి.

నీళ్ల సంగతి గాలి కంటే ముఖ్యం. కాకతీయ కాలువలో వచ్చే నీళ్లు అందరివీ ఒకటే, వాటి గురించి మీరు చేయగలిగింది తక్కువ. పై మడి దాటి వచ్చే నీళ్ల మీద మాత్రం పట్టు మీ చేతిలోనే ఉంది. వరి నాటిన మూడు నుంచి ఐదు రోజుల్లో గడ్డిమందు ఇసుకలో కలిపి చల్లుతారు. ఆ వారం మీ మడి గండి పూర్తిగా మూసేయండి. పై రైతు ఎప్పుడు నాటేదీ ఎప్పుడు చల్లేదీ ముందే అడిగి తెలుసుకోండి, ఆయనతో మంచిగా ఉండటం కూడా ఈ సాగులో భాగమే. వీలైతే గెట్టు పక్కగా పిల్లకాలువ తీసి పై మడి నీళ్లు మీ మడిలోకి రాకుండా కిందికి పోయేలా చేయండి. జాగా ఉంటే నీళ్లు దిగేచోట రెండు గుంటల (ఎకరాలో ఇరవయ్యో వంతు) విస్తీర్ణంలో చిన్న మడుగు చేసి తుంగ పెంచి, ఆ నీటిని నిలవబెట్టి వదలండి.

మూడోది ఎవరూ పట్టించుకోరు. కిరాయి స్ప్రేయర్ ట్యాంకులో నిన్నటి మందు మిగిలి ఉంటుంది. పంచగవ్య కొట్టినా దాంతోపాటు అదీ పడుతుంది. సర్టిఫికెట్ కోసం మీతో గుంపు కట్టే రైతులందరికీ కలిపి ఒక స్ప్రేయర్ విడిగా పెట్టుకోండి. హార్వెస్టర్ పెట్టెలో ముందు కోసిన పొలం గింజ ఉంటుంది కాబట్టి మొదటి రెండు బస్తాలు పక్కన పెట్టండి. మిల్లులోనూ అంతే. తొలి క్వింటాలు బియ్యం మీవి కావనే అనుకోవాలి.

సర్టిఫికెట్ విషయానికొస్తే, మీలాంటి వారికి పీజీఎస్-ఇండియా పద్ధతి సరిపోతుంది. కేంద్ర ప్రభుత్వం నడిపే ఈ పద్ధతిలో ఒకే ఊళ్లో గానీ పక్కపక్క ఊళ్లలో గానీ కనీసం ఐదుగురు రైతులు గుంపు కట్టాలి. ప్రతిజ్ఞ మీద సంతకాలు చేసి, ఏ సర్వే నంబరులో ఏ పంట వేశారో, చివరిసారి రసాయనం ఎప్పుడు వాడారో రాసి, ఒకరి పొలాన్ని మరొకరు తనిఖీ చేసి ఆ కాగితాలు రీజినల్ కౌన్సిల్‌కు పంపాలి. మార్పు దశలో ఉన్న పంటకు పీజీఎస్-గ్రీన్, అది దాటాక పీజీఎస్-ఆర్గానిక్ గుర్తు ఇస్తారు. వరి, పప్పుల వంటి పంటలకు మార్పు దశ 24 నెలలు, మామిడి వంటి తోటలకు 36. పరంపరాగత్ కృషి వికాస్ యోజన కింద 20 హెక్టార్ల క్లస్టరుగా చేరితే మూడేళ్లకు హెక్టారుకు 31,500 రూపాయలు కేటాయిస్తారు. అందులో 15,000 రైతు ఖాతాలోకి వస్తుంది. మీ ప్రాంతపు వ్యవసాయ విస్తరణ అధికారిని (ఏఈఓ) రైతు వేదికలో కలిసి అడగండి.

తనిఖీని మొహమాటానికి చేస్తే గుంపు నిలవదు. సంతకం పెట్టే ముందు తోటి రైతు కొట్టంలో మూలన డబ్బాలేమున్నాయో చూడాలి, ఆకు మీద వాసన చూడాలి, గెట్టు మీద గడ్డి ఎండిన రంగు చూడాలి. గెట్టంతా ఒకేసారి పసుపుగా మాడిందంటే గడ్డిమందు కొట్టారన్నమాట. మరో జాగ్రత్త: ల్యాబులో అన్ని మందులకూ కలిపి చేసే మామూలు పరీక్షలో గ్లైఫోసేట్ అనే గడ్డిమందు కనబడదు, దానికి విడిగా పరీక్ష చేయించాలి. సేంద్రియ ఆహారంలో పురుగుమందు అవశేషం మామూలు పంటకున్న పరిమితిలో 5 శాతం దాటకూడదన్నది నియమం. పరీక్షకు వేల రూపాయలవుతుంది కాబట్టి ప్రతి పంటకూ కాకుండా, ఎక్కువ అనుమానానికి తావున్న మిర్చి, బెండ, పత్తిచేను పక్కన పండిన కంది లాంటి వాటికి గుంపంతా ఖర్చు పంచుకుని చేయించండి.

ఊరు ఊరంతా కలిస్తే ఈ బాధల్లో సగం ఉండవు. జనగామ జిల్లా లింగాలఘన్‌పూర్ మండలంలోని ఏనబావి 2006లో తమది రసాయనాలు లేని ఊరని ప్రకటించుకుంది. చిన్న ఊరు, యాభై పైచిలుకు కుటుంబాలు. పక్క గెట్టు కూడా సేంద్రియమే కావడం వారి పెద్ద బలం. ఊరంతా ఒప్పుకోకపోయినా ఒక కాలువ కింద ఉన్న మడులవాళ్లను ఒప్పించగలిగితే చాలు. గుంపును సర్వే నంబర్ల వారీగా కాక నీళ్లు పారే వరుసలో కట్టండి.

ప్రశ్న: జీవామృతం మూడేళ్లుగా క్రమం తప్పకుండా వేస్తున్నా. వరి పచ్చబడదు, ఎకరాకు 12 క్వింటాళ్లు దాటదు. తప్పెక్కడ?
— ఒక రైతు, మహబూబాబాద్

జీవామృతంలో తప్పు లేదు, దాని మీద పెట్టుకున్న ఆశలోనే ఉంది. 200 లీటర్ల నీళ్లలో 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుపిండి, గుప్పెడు గెట్టుమట్టి కలిపి 48 గంటలు పులియబెడతాం. 10 కిలోల పచ్చి పేడలో నత్రజని 50 గ్రాములకు మించదు. ఎకరాకు 20 క్వింటాళ్లు పండే వరి నేల నుంచి 30 కిలోలకు పైగా నత్రజని తీసుకుంటుంది. జీవామృతం నేలలో సూక్ష్మజీవులకు ఊపునిస్తుంది. అవి తినడానికి నేలలో సేంద్రియ పదార్థమే లేకపోతే అవైనా ఏం చేస్తాయి?

మే చివర తొలకరికి ఎకరాకు 10, 12 కిలోల జీలుగ చల్లండి. 45 రోజులకు, పూత మొదలవుతుండగా కలియదున్నండి. పూత ముదిరితే కాండం నారబారి కుళ్లడానికి ఆలస్యమవుతుంది, ఆ కుళ్లే పనిలో నత్రజని తిరిగి సూక్ష్మజీవులకే పోతుంది. అప్పుడే నాటిన వరి పసుపెక్కుతుంది. మీరు ఇప్పటికే పచ్చిరొట్ట వేస్తుంటే, మీ మడిలో జరుగుతున్నది ఇదేనేమో చూసుకోండి. బాగా పెరిగిన జీలుగ ఎకరాకు 25, 30 కిలోల నత్రజని ఇస్తుంది. దాంతోపాటు రెండేళ్లకోసారి నాలుగు టన్నుల మాగిన పశువుల ఎరువు, చిరుపొట్ట దశకు ముందు 100 కిలోల వేపపిండి. హార్వెస్టర్ వదిలిన గడ్డిని మాత్రం తగలబెట్టొద్దు. వరి తీసుకున్న పొటాష్‌లో అధిక భాగం ఆ గడ్డిలోనే ఉంటుంది. యాసంగిలో వరి మీద వరి వేయకుండా పెసర గానీ మినుము గానీ ఒక్కసారి మార్చి చూడండి.

ప్రశ్న: బియ్యంలో పురుగు పడితేనే అసలైన సేంద్రియం అంటారు, నిజమేనా? మా ఇంట్లో నెలకే ముక్కపురుగు వచ్చింది.
— ఒక పాఠకురాలు, కరీంనగర్

నిజం కాదు. పురుగు పడటం సేంద్రియానికి రుజువు కాదు, పడకపోవడం మోసానికీ రుజువు కాదు. మామూలు గోదాముల్లో అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలతో పొగబెడతారు కాబట్టి గుడ్లు చచ్చి ఆలస్యంగా పడుతుంది. సేంద్రియంలో ఆ పని చేయరు. ముక్కపురుగు గింజ లోపలే గుడ్డు పెడుతుంది. తేమ 14 దాటి, వేడి 30 డిగ్రీల చుట్టూ ఉంటే నెల రోజుల్లో పెద్దదై బయటికొస్తుంది. అంటే మీరు చూసిన పురుగు మీ ఇంట్లో పుట్టినా, గుడ్డు మిల్లులోనో బస్తాలోనో పడి ఉండొచ్చు.

రైతుకు మందు ఒక్కటే: వడ్లుగా నిలవ ఉంచి నెలనెలా ఆడించడం. పొట్టు ఉన్నంతకాలం గింజకు రక్ష ఉంటుంది. పాలిష్ తక్కువ పట్టిన బియ్యంలో తవుడు నూనె ఉంటుంది కాబట్టి మూడు నెలలు దాటితే ముక్కవాసన కూడా వస్తుంది. పాత గోనె సంచులు తిరిగి వాడేముందు వేడినీళ్లలో ముంచి ఎండబెట్టాలి. పెద్ద మొత్తం నిలవ ఉంచాలంటే గాలి చొరని సంచుల్లో బిగించి కడితే రెండు మూడు వారాల్లో లోపలి ప్రాణవాయువు తగ్గి పురుగు చస్తుంది. అయితే మధ్యమధ్యలో విప్పకూడదు.

ఇంట్లోనైతే ఒకసారికి 10 కిలోలకు మించి తెప్పించుకోకండి. ఫ్రీజరులో పట్టేంతను మూడు నాలుగు రోజులు ఉంచి తీస్తే గుడ్లు చస్తాయి. బియ్యాన్ని మండుటెండలో పోయవద్దు, నలిగిపోతాయి. కందులు, పెసర్ల సంగతి వేరు. మే నెల ఎండలో పలుచగా పరిచి పైన పారదర్శకమైన పాలిథిన్ కప్పితే లోపలి వేడికి పుచ్చుపురుగు చస్తుంది. విత్తనానికి ఉంచినవాటిని మాత్రం అలా ఎక్కువసేపు ఉంచకండి. కందిపప్పుకు కిలోకు ఒక చెంచా ఆముదం పట్టించడం మనవాళ్లు ఎప్పటినుంచో చేస్తున్నదే, పనిచేస్తుంది. కిరాణంలో అమ్మే బోరిక్ పౌడరు బియ్యానికి కలపడం మాత్రం వెంటనే మానండి. అది తినే వస్తువు కాదు, ఎంత కడిగినా పూర్తిగా పోతుందన్న భరోసా లేదు.

ప్రశ్న: ఎకరంన్నరలో కూరగాయలు పండించి వారం వారం 40 ఇళ్లకు బుట్టలు పంపాలనుకుంటున్నా. ఏది ఎప్పుడు వేయాలి?
— ఒక రైతు, జనగామ

40 ఇళ్లకు ఇంటికి 5 కిలోలంటే వారానికి 200 కిలోలు. ఒకేసారి అంతా నాటితే మూడు వారాలు కుప్పలు, తర్వాత ఖాళీ. కూరగాయల బుట్టలు ఆగిపోయేది ఎక్కువగా ఇందుకే. విడతలుగా వేయాలి.

ఆకుకూరలకు ఆరు గుంటలు విడిగా పెట్టుకోండి. ప్రతి పది రోజులకు రెండు గుంటల్లో కొత్తగా చల్లండి. తోటకూర, మెంతి 25, 30 రోజులకు వస్తాయి. పాలకూర నెలకు మొదటి కోత ఇచ్చి, పది పన్నెండు రోజులకోసారి మూడు నాలుగు కోతలు ఇస్తుంది. పుంటికూర (గోంగూర) కూడా కోసినకొద్దీ వస్తుంది. బెండ 45 రోజులకు మొదలై రోజు విడిచి రోజు కోయాలి, ఒక రోజు ఆలస్యమైతే ముదిరిపోతుంది. కాబట్టి వారానికి ఒక్కసారే బుట్ట పంపేవారు బెండను ఎక్కువ వేయకూడదు, మిగిలిన కోతలు జనగామ అంగడికి పోవాల్సిందే. నిలవ ఆగే సొర, గుమ్మడి, దోస, వంకాయ, గోకర (గోరుచిక్కుడు) బుట్టకు బరువునిస్తాయి. వంగ, టమాట నారు నాటినప్పటి నుంచి రెండు నెలలు పడుతుంది. ఒక విడత నాటిన నలభై రోజులకు మరో విడత నాటండి.

అసలు పరీక్ష ఏప్రిల్, మే నెలల్లో. పగటి వేడి 38 డిగ్రీలు దాటితే టమాటకు పూత నిలవదు, పుప్పొడి పనిచేయదు. ఎంత నీళ్లు పెట్టినా అంతే. ఆ రెండు నెలలకు పందిరి మీద బీర, కాకర, నేల మీద గోకర, బెండ, సగం నీడనిచ్చే నెట్ కింద ఆకుకూర పెట్టుకోండి. ఇళ్లవాళ్లకు జనవరిలోనే చెప్పండి: వేసవిలో టమాట ఉండదు, దానికి బదులు చింతకాయ తొక్కు, ఎండబెట్టిన టమాట ఒరుగులు ఇస్తామని. ఫిబ్రవరిలో టమాట మిగిలినప్పుడు ఒరుగులు చేసిపెట్టుకుంటే రెండు సమస్యలూ తీరతాయి. బేరం కూరగాయ పేరుతో కాక బుట్ట ధరతో కుదుర్చుకోండి. ఏ వారం ఏముంటే అది ఐదు కిలోలు.

కోత తెల్లవారుజామున, ఎండ రాకముందే. ఆకుకూరను నీళ్లు చిలకరించి తడి గోనె కింద నీడలో ఉంచి, గాలి ఆడే క్రేట్లలో సర్దండి. తడి ఆకును పాలిథిన్ కవర్లో బిగిస్తే ఇళ్లకు చేరేలోపే వేడెక్కి నల్లబడుతుంది.

ప్రశ్న: మా చపాట మిర్చికి జీఐ గుర్తింపు వచ్చింది కదా. ఇక ప్యాకెట్ మీద ఆ గుర్తు వేసి సేంద్రియమని అమ్మవచ్చా?
— ఒక రైతు, దుగ్గొండి

రెండూ వేరు. వరంగల్ చపాట మిర్చికి 2025లో వచ్చిన భౌగోళిక గుర్తింపు ఆ కాయ ఈ నేలది, ఈ గుణం కలదని మాత్రమే చెబుతుంది: ఎర్రటి రంగు, తక్కువ కారం, టమాటలా బుడ్డగా ఉండే రూపం. మందులు కొట్టారా లేదా అన్నది దానికి సంబంధం లేని విషయం. గుర్తు ముద్రించాలంటే కూడా 1999 చట్టం ప్రకారం మీరు అధీకృత వినియోగదారుగా నమోదు కావాలి. దరఖాస్తు చేసి గుర్తింపు తెచ్చింది మీ దగ్గరి తిమ్మంపేట మిర్చి రైతుల ఉత్పత్తిదారుల కంపెనీయే కాబట్టి వారి ద్వారా వెళ్లండి. కాయ కండగలది, ఆరడానికి సన్నమిర్చి కంటే ఎక్కువ రోజులు తీసుకుంటుంది. నేల మీద కాకుండా టార్పాలిన్ మీద పోసి, రాత్రి మంచుకు కప్పి, తేమ 10, 11 శాతానికి తెచ్చాకే బస్తాకెత్తండి. తేమ ఉండిపోతే బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది. అది పొడిలో కంటికి కనబడదు.

ప్రశ్న: మా మహిళా సంఘం పసుపు, కందిపప్పు, పల్లినూనె ప్యాక్ చేసి అమ్ముతోంది. "ఆర్గానిక్" అని రాయవచ్చా?
— ఒక సంఘం సభ్యురాలు, జగిత్యాల

2017 నాటి సేంద్రియ ఆహార నియమాల ప్రకారం, పండించినవారు గానీ వారి ఉత్పత్తిదారుల సంఘం గానీ ఏడాదికి 12 లక్షలకు మించని అమ్మకాలతో నేరుగా తినేవారికే అమ్మితే సర్టిఫికెట్ అక్కరలేదు. అయితే సర్టిఫికెట్ ఉన్న సేంద్రియ ఆహారానికి వేసే జైవిక్ భారత్ గుర్తు వేయకూడదు. దుకాణానికి ఇచ్చి అమ్మించినా, వేరేవాళ్ల పంట కొని ప్యాక్ చేసినా ఈ మినహాయింపు వర్తించదు, పీజీఎస్ గానీ మరో సర్టిఫికెట్ గానీ ఉండాలి. మీ సంఘంలో ఎవరి పొలంలో ఏ పంట వచ్చిందో పుస్తకంలో రాసి ఉంచండి. అడిగినవారికి చూపించేది అదే.

పొలంలో పండినది పండినట్టే అమ్మితే ఆహార భద్రతా చట్టం రైతుకు వర్తించదు. పప్పు చేసినా, పొడి పట్టినా, నూనె తీసినా ఆహార భద్రతా సంస్థ (ఎఫ్ఎస్ఎస్ఏఐ) దగ్గర నమోదు తీసుకోవాలి. ప్యాకెట్ మీద ఆ నంబరు, సంఘం చిరునామా, నికర బరువు, ప్యాక్ చేసిన తేదీ, ఎన్నాళ్లలోపు వాడాలో, ధర, బ్యాచ్ నంబరు ఉండాలి. బ్యాచ్ నంబరులోనే రైతు గుర్తు కలపండి. ఏ ఫిర్యాదు వచ్చినా ఏ కల్లం నుంచి వచ్చిందో పది నిమిషాల్లో తెలుస్తుంది.

పసుపును పచ్చి కొమ్ములుగానే సభ్యుల దగ్గర తీసుకుని, ఉడికించి ఎండబెట్టిన కొమ్ములను మీరే పట్టించండి. పొడిగా బయట కొనకండి, మెటానిల్ ఎల్లో, లెడ్ క్రోమేట్ వంటి రంగుల కల్తీ పొడిలో సులువుగా జరిగిపోతుంది. క్వింటాలు పచ్చి పసుపు ఉడికించి ఎండబెడితే 20 కిలోల కొమ్ములే మిగులుతాయి. ధర కట్టేటప్పుడు ఆ లెక్క మీద మొదలుపెట్టండి. గానుగకు వేసే పల్లిగింజల్లో బూజు పట్టినవి, ముడుచుకుపోయినవి చేత్తో ఏరి తీసేయాలి. ఏరిన వాటిని పశువులకు కూడా పెట్టకండి.